టాప్ గేరులో టీ కొట్టు దాకా

మా ట్రాక్టరు వయసెంత అని ఎవరైనా అడిగితే, నా పెళ్లి కంటే పెద్దదని చెబుతాను. నేను కాపురానికి వచ్చేసరికే అది కొట్టాంలో ఉంది. మొదట్లో ఎర్రరంగట. నేను చూసేనాటికి దానికీ మా తోటలో మట్టికీ తేడా తెలిసేది కాదు. మామిడి చెట్ల మధ్య దున్నడానికి అంత మంచి బండి ఇంకోటి లేదని మా ఆయన అనేవారు. పొట్టిగా ఉంటుంది, వాలిన కొమ్మల కింద దూరుతుంది, చెప్పినట్టు వింటుంది. అంతా నిజమే. రోడ్డెక్కితే మాత్రం సైకిలు తొక్కేవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసి మరీ దాటిపోయేవాళ్లు.

మా ఊరు రెడ్డిగూడెం వైపు. మామిడి సీజన్లో ఊళ్లో ట్రాక్టర్లన్నీ కలిసి నూజివీడు మార్కెట్‌కి బయల్దేరుతాయి. ముందురోజు సాయంత్రమే కాయ కోసి, వెనక తగిలించిన ట్రక్కులో ఎండుగడ్డి పరిచి, కాయ నింపి ఉంచుతారు. తెల్లవారుజామున ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. దారిలో ఒక బండి ఆగిపోతే పక్కబండి లాగుతుందని పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. మార్కెట్‌కి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు తూము దాటి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల ఒక టీ కొట్టు. టార్పాలిన్ పందిరి, రెండు బల్లలు, పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి. మా ఊరి బళ్లన్నీ అక్కడ ఆగాల్సిందే. ఆగకపోతే కాయ అమ్ముడుపోదన్నంత నమ్మకంగా ఆగుతారు.

ఆ కొట్టు సంగతి నాకు చూడకముందే కంఠతా వచ్చు. మా ఆయన మార్కెట్ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చుంటే ముందు అన్నం అడగరు. టీ కొట్టు దగ్గర ఎవరేమన్నారో మొదలుపెట్టేవారు. ఒకాయన కొత్తల్లుడు గంపెడు చిన్నరసాలు జుర్రుకుని, పడుకున్నవాడు మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదని, అత్తగారు కంగారుపడి అద్దం ముక్కు దగ్గర పెట్టి చూసిందని చెప్పారొకసారి. ఇంకొకాయన మైలవరంలో పన్ను పీకించుకుంటే నొప్పి పన్ను వదిలేసి పక్కది పీకారని, అయినా మొహమాటపడి థాంక్స్ చెప్పి వచ్చేశాడని చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయన నవ్వేవారు, పొలమారేది, నేను నెత్తి మీద తట్టేదాన్ని. మాకు పిల్లల్లేరు. ఇది చదివి ఎవరూ జాలిపడక్కర్లేదు. ఇద్దరమే అయినా ఆ ఇంట్లో మాటకి కరువుండేది కాదు.

ఆయన ఒకరోజు తోటలో మందు కొట్టించి వచ్చి, మంచం మీద నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. ఆ సంగతి ఇంతకంటే రాయను.

ఆ తర్వాత సీజన్‌కి ఒక డ్రైవర్ని పెట్టాను. బండి స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఫోను చెవి నుంచి తీసేవాడు కాదు. మార్కెట్‌కి చేరేసరికి కాయంతా దెబ్బ తగిలి, కింద కాయ నల్లగా కమిలిపోయేది. నాకు ముక్కు మీదే కోపం. నాలుగు రోజులు చూసి పొమ్మన్నాను. తోటలో దున్నడానికి బండి తోలడం మా ఆయన ఎప్పుడో నేర్పించారు. లైసెన్సు కూడా తీయించారు. ట్రక్కు తగిలించి రోడ్డెక్కడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. చేస్తే ఏమవుతుంది, అనుకున్నాను. మొదటిరోజు ఊరి మొగలో మగవాళ్లంతా నన్ను చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఒకాయన నోట్లోని వేపపుల్ల తీసి చేత్తో పట్టుకున్నాడు, అంతే.

నిజం చెప్పాలంటే, బండి నేనే తోలతానని పంతం పట్టింది కాయ కోసం కాదు. ఆ టీ కొట్టు కోసం. ఆయన పోయాక ఊళ్లో సంగతులు నా గుమ్మం ఎక్కడం మానేశాయి. పక్కింటివాళ్లు వస్తారు, ఒంట్లో ఎలా ఉందంటారు, బాగానే ఉందంటాను, వెళ్లిపోతారు. ఆ బల్ల మీద నేనే వెళ్లి కూర్చుంటే మాటలన్నీ వేడివేడిగా నేనే వినొచ్చు కదా అనిపించింది.

కానీ మొదటిరోజు నుంచీ అదే వరస. బళ్లన్నీ ముందుకెళ్లిపోతాయి. ఎర్రలైట్లు కాసేపు కనిపించి మాయమవుతాయి. నేను టాప్ గేరులో, రేసు లివరు చివరిదాకా లాగి పెట్టి, డుగుడుగుమంటూ మలుపు తిరిగేసరికి టీ కొట్టు ఖాళీ. బల్లల మీద ఎవరూ ఉండరు. ఆవిడ గ్లాసులు కడుగుతూ ఉంటుంది. ఆవిడ మాట్లాడే మనిషి కాదు. పది ప్రశ్నలడిగితే ఒక్క జవాబు. రెండు బల్లలూ నాకే వదిలేసి అటు తిరిగి కూర్చుంటుంది. అల్లం టీ బాగానే ఉండేది. ఒక్కదాన్నే తాగి, గ్లాసు పెట్టేసి, మళ్లీ బండెక్కేదాన్ని. రోజూ అంతే, ఆ సీజనంతా అంతే, తర్వాతి సీజనూ అంతే.

మా ఆయన ఉన్నప్పుడు ఈ బాధ లేదు మరి. అప్పట్లో అందరివీ పాత బళ్లే, అందరిదీ ఒకటే నడక. ఇప్పుడు అందరూ కొత్తవి కొన్నారు. మా బండే వెనకబడింది. లోపం అక్కడుందని తేల్చుకున్నాను. అంత తేలిగ్గా దొరికిన కారణాన్ని ఎవరు వదులుకుంటారు?

మైలవరంలో మా బండిని ఎప్పటి నుంచో చూసే మెకానిక్ ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. చెయ్యి మంచిదే గానీ గొప్పలు ఎక్కువ. ఈ జిల్లాలో ఆగిపోయిన ప్రతి ఇంజనూ తన చెయ్యి పడితేనే లేచిందంటాడు. వాటిలో ఎన్నింటిని ముందు ఆపింది కూడా ఆ చెయ్యేనో నాకు తెలుసు. పూత దశలో, తోటలో పని తక్కువున్నప్పుడు, అతన్ని ఇంటికి పిలిపించాను.

"స్పీడు పెంచాలి అన్నయ్యా," అన్నాను.

"స్పీడా? ట్రాక్టరుకి స్పీడేంటి చెల్లెమ్మా? ఎక్కడికెళ్లాలి?"

"మార్కెట్‌కి. ఎండెక్కితే కాయ వేడెక్కుతోంది."

"అయితే ఓ అరగంట ముందు బయల్దేరితే సరిపోద్దిగా?"

ముందు బయల్దేరితే వాళ్లతో కలిసి వెళ్లినట్టు ఎలా అవుతుంది? టీ తాగడానికి తోడు కోసం ఇంజను విప్పమంటున్నానని ఏ నోటితో చెప్పను? "నువ్వు చెయ్యగలవా, లేవా?" అన్నాను. ఆ మాట అంటే చాలు అతనికి.

ముందు ఇంజనుని దానికున్న బలం దగ్గరికి తీసుకురావాలన్నాడు. ఆ తర్వాతే కొత్త బలం సంగతి. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి తీసుకెళ్లి బాగు చేయించి తెచ్చాడు. టాపెట్లు సరిచేశాడు. పైన బానెట్టు పూర్తిగా ఊడదీసి ఎయిర్ ఫిల్టరు దగ్గర చెయ్యి పెట్టి, "చెల్లెమ్మా, ఇటు రా," అని కేకేశాడు. గాలి లోపలికి పీల్చుకునే గొట్టం మూతి దగ్గర ఉడత గూడు. కొబ్బరి పీచు, చీపురు పుల్లలు, వాటి మధ్య నీలం గళ్ల గుడ్డ పీలికలు. ఆ గళ్లు నేను గుర్తుపట్టాను. మా ఆయన తువ్వాలు అది. తనకిష్టమైన తువ్వాలు నేను గిన్నెలవాడికి వేసేశానని ఆయన నన్ను ఎంత సాధించారో చెప్పలేను. నేను వేయలేదంటే వినలేదు. చుట్టాలొస్తే వాళ్ల ముందు కూడా అదే పాట. ఆ తువ్వాలు అన్నాళ్లూ ఆయన కూర్చునే సీటుకి బారెడు దూరంలో ఉంది.

అక్కడే కొట్టాంలో కింద కూర్చుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మెకానిక్ కూడా నవ్వాడు గానీ, అది గూడు తనే కనిపెట్టానన్న సంతోషం. మా ఆయన సాధింపు అతనికేం తెలుసు? టీ కొట్టు దగ్గర కూర్చునే వాళ్లకి తెలుసు. తువ్వాలు పోయిందని ఆయన వాళ్ల దగ్గర కూడా వాపోయే ఉంటారు. ఈ సంగతి వాళ్లకి చెప్పాలి. నేను చెప్పాలి, ఆయన్ని ఎరిగినవాళ్లు పగలబడి నవ్వాలి, ఆ నవ్వు నేను వినాలి. ఆ రోజు నుంచి నాకు స్పీడు మీద పిచ్చి పట్టింది.

ఊపిరి ఆడేసరికి ఇంజను చప్పుడే మారిపోయింది. తర్వాత వెనక టైర్లు. ఒక సైజు ఎత్తువి వేస్తే చక్రం ఒక్క తిరుగుడికి ఎక్కువ దూరం పోతుందని, విజయవాడ ఆటోనగర్ నుంచి పాతవి తెప్పించాడు. బండి వెనకభాగం లేచి, ముందుకు వంగి ఏదో వాసన చూస్తున్నట్టుగా కనపడింది. చివరికి డీజిల్ పంపు దగ్గరికి వచ్చాడు. ఇంజను ఎంత వేగంగా తిరగొచ్చో కట్టడి చేసే స్క్రూ ఒకటి దాని మీద ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండా తీగ చుట్టి సీసంతో సీలు వేసి ఉంటుంది. అంత గొప్పలుపోయే మనిషీ అక్కడ ఆగాడు.

"దీని జోలికెళ్తే బావగారు ఒప్పుకునేవారు కాదు చెల్లెమ్మా."

"ఆయనతో నేను చెప్పుకుంటాలే. నువ్వు తిప్పు."

తీగ తెంచి తిప్పాడు. మొదటిసారి మరీ ఎక్కువ తిప్పాడు. రేసిచ్చేసరికి ఇంజను కీచుమని అరిచింది, పూత మీది పిట్టలన్నీ లేచిపోయాయి, సైలెన్సరు నల్లటి పొగ కక్కింది. లోపల ఏదో టపటపా కొట్టుకుంది. "ఆపు, ఆపు!" అని ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ కాస్త ముందుకి, ఆ మధ్యాహ్నమంతా అదే పని. చివరికి అరుపు తగ్గి, బలం మిగిలే చోటు దొరికింది. దొరికిందని అతను మీసం దువ్వుకున్నాడు. కొత్త బ్యాటరీ కూడా వేశాడు.

"వేగం ఇచ్చాను గానీ బ్రేకులు పాతవే. అది మర్చిపోమాక. వెనక ట్రక్కుకి బ్రేకుల్లేవు, పల్లంలో నిన్నే తోసుకొస్తది. పల్లం రాకముందే తగ్గించు," అన్నాడు. ఎరువు నింపిన ట్రక్కుతో ఒకసారి వెళ్లి చూశాను. పల్లంలో వెనక నుంచి తోస్తుంటే బ్రేకు మీద దాదాపు నిలబడిపోయాను. బుద్ధి తెచ్చుకున్నాను. కానీ సమంగా ఉన్న రోడ్డు మీద, ఎవరూ లేనిచోట, లివరు చివరిదాకా లాగితే చెవుల పక్కన గాలి వినపడింది. ఆ బండి మీద నాకు గాలి తగలడం అదే మొదలు. యూనివర్సిటీ పిల్లలతో పోతున్న ఆటో ఒకటి కాసేపు నా పక్కనే నడిచింది. వాళ్లు ఫోన్లు బయటపెట్టి వీడియో తీశారు. ఒక పిల్ల బొటనవేలు పైకెత్తి చూపించింది. నేనూ చూపించాను.

సీజన్ మొదలైంది. మొదటి కోత బంగినపల్లి. కుదుపుకి దెబ్బ తగలకుండా ఎండుగడ్డి రెట్టింపు వేయించాను. ముందురోజు సాయంత్రం వంట చేసుకుంటూ తువ్వాలు కథ పైకే చెప్పుకుని చూశాను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఉడత సంగతి ఎప్పుడు బయటపెట్టాలి అని. ముందే చెప్పేస్తే నవ్వు రాదు. మా ఆయన సాధింపుతో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఆ తెల్లవారుజామున ఎర్రలైట్లు నా ముందు నుంచి మాయం కాలేదు. దూరమయ్యేవి, మళ్లీ దగ్గరయ్యేవి. తూము దగ్గరికి వచ్చేసరికి అప్పుడే తెలవారుతోంది. వేగం తగ్గించి మలుపు తిరిగాను. మొదటిసారి చూశాను వాళ్లని. రెండు బల్లల నిండా ఉన్నారు. చాలక ఇద్దరు కింద గొంతుక్కూర్చున్నారు. లుంగీలు పైకి మడిచి, తలకి తువ్వాళ్లు చుట్టి, ఎవరో ఏదో అంటున్నారు, ఒకాయన పక్కాయన వీపు మీద చరుస్తున్నాడు. మా ఆయన చెప్పినట్టే ఉన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాళ్లలో ఒకాయన నా బండి చూశాడు. చూడగానే లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు. మడిచిన లుంగీలు దించుకున్నారు, తలల మీది తువ్వాళ్లు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఒకాయన బీడీ చెప్పు కింద నలిపాడు, ఇంకొకాయన సగం టీ నేల మీద పోసేశాడు. నేను బ్రేకు తొక్కి, ఇంజను ఆపి, కిందకి దిగేలోపు నాలుగు బళ్లు స్టార్ట్ అయ్యాయి. నన్ను వదినా అని పిలిచేవాడొకడు, మా ఆయనకి తమ్ముడి వరస, నా పక్క నుంచే వెళ్తూ, "రండి వదినగారూ, కూర్చోండి. మేం బయల్దేరుతున్నాంలెండి," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, నేను కూడా "సరేనండీ" అనేశాను.

బల్ల మీద సగం సగం తాగిన గ్లాసులు. చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి. టీ కొట్టు ఆవిడ వాటిని తీయడానికి వచ్చింది.

"వాళ్లకేమన్నా తొందరా?" అని అడిగాను.

ఆవిడ నా వంక చూసింది. "తొందరేం లేదండి. మీ బండి చప్పుడు వినపడగానే రోజూ లేస్తారు. ఇయ్యాల మీరు తొందరగా వచ్చేశారు, వాళ్లు దొరికిపోయారు."

"నేనొస్తే లేవడమెందుకు?"

"మర్యాదండి మరి. అయ్యగారు పోయిన మనిషి, ఒక్కరే వస్తున్నారు. మీ ముందు కాలు మీద కాలేసుకుని బీడీలు కాల్చుకుంటా పిచ్చి మాటలు మాట్లాడుకుంటే ఏం బాగుంటది అంటారు. మీరు పెశాంతంగా కూర్చుని తాగాలని ఖాళీ చేసి పోతారు. మీరు బండి తోలడం మొదలెట్టినకాణ్ణుంచీ అంతేనండి." ఆవిడ అంత పొడుగ్గా మాట్లాడటం అంతకుముందెప్పుడూ నేను వినలేదు.

అంటే నా బండి నెమ్మదిగా పోవడం వల్ల కాదన్నమాట. నాజిళ్లూ, టైర్లూ, ఆ స్క్రూ, ఏదీ కాదు. నేనెంత వేగంగా వస్తే వాళ్లంత వేగంగా లేస్తారు. తోటలో కోత కూలీలు నేను రాగానే మాట మార్చి కాయ గురించి మొదలుపెట్టడం అప్పుడు గుర్తొచ్చింది. పనికి జడిసి అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇంటికొచ్చేదాకా బాధగానే ఉంది. ఇంటికొచ్చాక ఒళ్లు మండింది. ఎవడడిగాడు ఈ మర్యాద? ఆయన పోతే నేను మనిషిని కాకుండా పోయానా, గుడిలో విగ్రహాన్నయ్యానా? మర్నాడు పద్ధతీ గిద్దతీ పక్కనపెట్టి అందరికంటే ముందే బయల్దేరాను. టీ కొట్టు దగ్గర బండి ఆపి, బల్ల మధ్యలో కాకుండా ఒక చివర కూర్చున్నాను, వాళ్లకి చోటుండేలా. ముందొచ్చి కూర్చున్నదాన్ని చూసి లేచిపోలేరుగా. ఆవిడ వాళ్ల కోసం టీ కలిపి గ్లాసుల్లో పోసి వరసగా పెట్టింది.

ఇంజన్ల చప్పుడు వినపడింది. మొదటి బండి మలుపు తిరిగింది. వేగం తగ్గింది. నన్ను చూశాడు. నేను నవ్వాను కూడా. అతను నుదుటి దాకా చెయ్యెత్తి దణ్ణం పెట్టి, గేరు మార్చి, ముందుకెళ్లిపోయాడు. రెండో బండీ అంతే. మూడోదీ అంతే. ఒక్కొక్కరూ చెయ్యెత్తారు, ఒక్కరూ ఆగలేదు. పోసిన టీలు గ్లాసుల్లో అలాగే ఉన్నాయి. ఆవిడ వాటినీ, నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ రోజు నా వల్ల ఊళ్లో మగవాళ్లందరికీ టీ లేకుండా పోయింది. ఆ టీలన్నీ నా లెక్కలో వేయమన్నాను గానీ, ఆవిడ ఒప్పుకోలేదు.

ఊరుకోలేకపోయాను. బండెక్కి లివరు చివరిదాకా లాగాను. ఏం చేయాలనుకున్నానో నాకే తెలియదు, వాళ్లని ఆపి అరుద్దామనుకున్నానేమో. చేరుకున్నాను కూడా. ఇంజను అంతకుముందెప్పుడూ అలా లాగలేదు. చివరి బండి వెనక్కి చూసి, పాపం, రోడ్డు దిగి మార్జిన్లోకి జరిగి దారిచ్చింది. దాని ముందుదీ జరిగింది. అలా అన్ని బళ్లూ పక్కకి తప్పుకున్నాయి. వాళ్లు దారిస్తుంటే దాటకుండా ఎలా ఉంటాను? దాటుకుంటూ పోయాను. చివరికి నా ముందు ఒక్క బండీ లేదు. మార్కెట్ దాకా ఖాళీ రోడ్డు మీద నేనొక్కదాన్నే.

మార్కెట్లో కాయ దింపుతుంటే మా మరిది వరసతను పక్కకొచ్చాడు. "బండి భలే లాగుతోందే వదినా," అన్నాడు. ఇంక దాచుకోవడం అనవసరం అనిపించింది.

"మరిదిగారూ, ఒక మాట. టీ కొట్టు దగ్గర నేనొస్తే మీరెవరూ లేవొద్దు. కూర్చోండి. నేను కూడా కూర్చుంటాను."

అతని మొహం ఎర్రబడింది. రెండు చేతులూ జోడించాడు. "అయ్యో, ఎంత మాట వదినా! మీ పెద్దమనసు కొద్దీ అంటున్నారు. అన్నయ్యంటే మాకు ఎంత గౌరవం! మీరొస్తే లేవకుండా ఎట్టా ఉంటామండీ?" కళ్లల్లో నీళ్లు తిరిగాయి అతనికి. ఇంకేమనను? తిట్టేవాణ్ణయితే తిరిగి తిట్టొచ్చు. దణ్ణం పెట్టేవాణ్ణి ఏం చేయగలం?

తువ్వాలు కథ టీ కొట్టు ఆవిడకి చెప్పాను, ఆగలేక. సాధింపుతోనే మొదలుపెట్టి, అన్నీ సరిగ్గానే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే ఆ పీలికలు ఏం చేశారండీ?" అంది. పడేయలేదని చెప్పాను. "మంచి పని చేశారు," అని గ్లాసులు కడగడానికి వెళ్లిపోయింది.

కోత సగం అయ్యాక మెకానిక్ ఫోన్ చేశాడు. బండి ఎలా పోతోందని. బ్రహ్మాండంగా పోతోందన్నాను. పనైందా మరి, అన్నాడు. అయింది అన్నయ్యా, అన్నాను. అతను గొప్పలు పోవడం మొదలుపెట్టాడు, నేను వింటూ కూర్చున్నాను. ఫోన్ పెట్టేస్తాడేమోనని మధ్యమధ్యలో ప్రశ్నలు కూడా వేశాను.

ఇప్పుడు నేను మళ్లీ పద్ధతి ప్రకారం అందరి వెనకే బయల్దేరుతున్నాను. వాళ్లు ముందు పోతారు. దారిలో ఎక్కడా వేగం తగ్గించను. తూముకి ఇవతలే, మామిడి తోట కంచె అడ్డంగా ఉండేచోట, చప్పుడు వాళ్లకి చేరకముందే రేసు పూర్తిగా తగ్గించి బండి పక్కకి తీసి ఇంజను ఆపేస్తాను. పాత నడకైతే నేను అక్కడికి చేరేసరికే వాళ్ల టీ చాలావరకు అయిపోయేది. ఇప్పుడు అప్పుడే మొదలై ఉంటుంది. గాలి అటునుంచి ఉంటే వాళ్ల గొంతులు వినిపిస్తాయి. మాటలు తెలియవు. ఎవరో ఒకరు చాలాసేపు చెబుతారు, మిగిలినవాళ్లు ఆగుతారు, ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వుతారు. అంతమంది నవ్వు ఒక్కసారిగా వింటే నాకు కూడా నవ్వొస్తుంది, దేనికో తెలియకపోయినా. వాళ్ల బళ్లు స్టార్ట్ అయి వెళ్లిపోయేదాకా అక్కడే కూర్చుంటాను. తర్వాత నేను వెళ్లి టీ తాగుతాను.